పిండి అంటిన కార్డు

మధ్యాహ్నం మూడింటికి ఆమె రొట్టెల పిండి కలపడం మొదలుపెట్టింది. మూడింటికే ఎందుకంటే నాలుగింటికి ఆయన నిద్ర లేస్తారు. లేచాక టీ, టీ తర్వాత ప్రూఫులు, ప్రూఫుల మధ్య పిండి చేతులు పనికిరావు. "పిండి చేతులతో నా కాయితాలు ముట్టుకోకు" అన్న మాట ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా వినపడుతూనే ఉంది. మొదట్లో ముద్దుగా అనేవారు, తర్వాత విసుక్కుంటూ అనేవారు, ఇప్పుడు అలవాటుకొద్దీ అంటున్నారు. కాయితాలు ఆయనవి, పిండి ఆమెది. ఈ పంపకాలు ఎప్పుడు జరిగాయో ఆమెకి గుర్తులేదు.

ఆయన భాషాశాస్త్రం ప్రొఫెసరు. రిటైరై రెండేళ్లయినా వీధి గుమ్మం పక్కన బోర్డు మాత్రం చెక్కు చెదరలేదు. ఆయన జీవితమంతా ఒకే ఒక్క భాష వెనకాల తిరిగారు. ఆరేడు వేల ఏళ్ల కిందట ఎక్కడో ఎవరో మాట్లాడుకున్న భాష. ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి అందులో ఒక్క మాట కూడా మిగల్లేదు. కాకపోతే దాని పిల్లలు మిగిలాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్, పారశీకం, ఇంగ్లీషు, ఇంకా బోలెడు. ఆ పిల్లల ముక్కూ మొహం పక్కపక్కన పెట్టి చూసి, తల్లి ఎలా ఉండేదో చెప్పాలి. అలా ఊహించి కట్టిన ప్రతి మాటకీ ముందు ఒక నక్షత్రం గుర్తు వేస్తారు. ఇది ఎక్కడా దొరికిన మాట కాదు, ఇలా ఉండి ఉంటుందని మా అంచనా అని చదివేవాళ్లకి ముందే ఒప్పేసుకోవడమన్నమాట. నక్షత్రం లేదంటే ఆ మాటని ఎవరో నిజంగా వాడారని, రాశారని, మనవాళ్లు కళ్లారా చూశారని అర్థం.

ఆమె చదువు కూడా అదే. ఈ సంగతి విన్నవాళ్లు చాలామందే, గుర్తుపెట్టుకున్నవాళ్లు లేరు. ఇద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నారు. "ఒరేయ్, నీకు తెలివుంది గానీ ఓపిక లేదు, ఆ అమ్మాయి నోట్సు అడిగి తీసుకో" అని మాస్టారు ఆయనతో అనేవారట. ఆయన ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. నోట్సుతో మొదలుపెట్టి అమ్మాయినే తీసుకున్నారు. ఈ జోకు ఆయన ప్రతి సభలోనూ చెబుతారు, జనం ప్రతిసారీ నవ్వుతారు, ముందు వరసలో కూర్చుని ఆమె కూడా నవ్వుతుంది.

పరిశోధనకి ఆమె ఎంచుకున్నది ఒకే ఒక్క ధాతువు. *ధెయ్‌ఘ్. పిసకడం, పిసికి ఒక ఆకారం ఇవ్వడం. అంత పెద్ద చదువులో ఇంత చిన్న మాటని ఎందుకు పట్టుకుందో అప్పట్లో ఆమెకే తెలీదు. తడి మట్టిలోనో పిండిలోనో వేళ్లు దింపిన ఎవరో ఒకరి చేతుల్లోంచి పుట్టిన మాట అది. సంస్కృతంలోకి వెళ్లి పూయడం, మెత్తడం అయింది, అక్కణ్ణించి దేహమైంది. మనం రోజూ మోసుకు తిరిగే దేహం. పారశీకంలో మట్టిగోడైంది, చుట్టూ గోడ కట్టిన తోటైంది, ఆ తోట గ్రీకువాళ్ల నోట పడి చివరికి ఇంగ్లీషులో స్వర్గమై కూర్చుంది. లాటిన్‌లో రూపమైంది, కల్పన అయింది. ఇంగ్లీషులో మాత్రం ఎక్కడికీ పోకుండా పిండిముద్దగానే ఉండిపోయింది. అదే ఇంగ్లీషులో లేడీ అనే మాట ఉంది చూశారూ, గౌరవంగా, గొంతు తగ్గించి అంటారు, దాని అసలు అర్థం రొట్టెల పిండి పిసికే మనిషి. పెళ్లైన కొత్తలో ఇది కనిపెట్టి అత్తగారికి చెబితే ఆవిడ చేటలోంచి తల ఎత్తకుండానే, "దానికి అంత చదువెందుకమ్మాయ్, నన్నడిగితే నేను చెప్పేదాన్నిగా" అంది. అత్తగారు పోయి పన్నెండేళ్లయింది గానీ, ఆ సబ్జెక్టులో తనకి వచ్చిన ఒకే ఒక్క సూటి సమాధానం అదేనని ఆమెకి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పరిశోధన పూర్తి కాలేదు. కూతురు పుట్టింది, అత్తగారు మంచాన పడింది, ఆయనకి ఉద్యోగం వచ్చింది. ఈ మూడూ ఒక్క ఏడాదిలోనే. "నువ్వు ఇంట్లోనే ఉంటున్నావుగా, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కాసిని కార్డులు రాసిపెట్టు" అన్నారాయన. చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయని ఆమె అడగలేదు. మాటకో కార్డు, కార్డుకో భాష, కింద అర్థం, పక్కన ఆధారం. వంటింటి బల్ల మీద పాలు పొంగకుండా ఓ కన్నేసి, పిల్లని చంకనేసుకుని రాసింది. చెప్పుల పెట్టెల నిండా రాసింది. ఆమె పాత పరిశోధన కార్డులు కూడా ఓ రోజు ఆ పెట్టెల్లోకే చేరిపోయాయి. "అవి నావండీ" అంటే, "మన మధ్య నీదీ నాదీ ఏంటోయ్" అన్నారు. ఆ మాటకి పొంగిపోయింది కూడాను. అంత చిన్న వయసు మరి.

ఆ పెట్టెల్లో ఒక కార్డుంది. ఈ కథంతా దాని గురించే.

గోడ ముందా, పిండి ముందా అని ఆ రంగంలో పండితులు రెండు జట్లుగా విడిపోయి పోట్లాడుకుంటున్న రోజులవి. మట్టి పిసికి గోడ కట్టడం మగవాళ్ల పని, మాట అక్కడే పుట్టిందని ఒకళ్లు. కాదు, రొట్టెల దగ్గరని ఇంకొకళ్లు. ఆమె ఓ రోజు పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. రెండింటికీ తొట్టి ఒకటే అయ్యుంటే? పొద్దున పిండి, సాయంత్రం మట్టి. ఉన్న ఒక్క తొట్టినీ కడిగి కడిగి వాడుకున్న ఆడవాళ్లుంటే? మట్టి పలకల మీద తప్ప ఇంకెక్కడా మిగలని ఒక భాషలో ఆ తొట్టికి ఈ ధాతువు నుంచే పేరు ఉండి ఉండాలి. ఉంటే ఎలా ఉంటుందో వేళ్ల మీద లెక్కేసుకుంది, ధ్వనులు మార్చుకుంటూ వచ్చింది. మాట దొరికింది. పిల్ల పుట్టినప్పుడు కూడా అంత సంబరం కాలేదేమో. తడి చేత్తోనే కార్డు లాగి, ముందు నక్షత్రం వేసి, ఆ మాట రాసింది. మూల మీద పిండి అంటింది. తుడుద్దామనుకునేలోపు పిల్ల ఏడ్చింది.

తర్వాత సంగతులు ఆయన కెరీర్‌లో భాగం. నాలుగేళ్లకి ఆయన పేరు మీద ఒక పెద్ద వ్యాసం వచ్చింది. గోడకీ పిండికీ మధ్య తెగిపోయిన లంకె దొరికిందని, ఆ తొట్టి పేరే దానికి రుజువని. ఆ వ్యాసంతోనే ప్రొఫెసరయ్యారు. అచ్చులో ఆ మాట ఆమె చూసింది. ముందు నక్షత్రం లేదు. పరుగున వెళ్లి పెట్టె తీసింది. కార్డు మూల మీద పిండి ఎండి పెచ్చు కట్టింది, గోటితో గీకితే దాని కింద నక్షత్రం ఉంది.

ఆయన సన్మానానికి తయారవుతున్నారు. ఆమె వెళ్లి చెబితే అద్దంలో చూసుకుంటూనే విన్నారు.

"ఇప్పుడా చెప్పేది?"

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ. అది దొరికిన మాట కాదు. నేను ఊహించింది."

"పిండి చేతులతో కార్డులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు. తర్వాత కాలరు సర్దుకుంటూ, "సరేలే, రేపో మాపో ఇంకో పలక బయటపడుతుంది. అందులో దొరికితే నిజమే అవుతుంది కదా" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయనకి నక్షత్రాలంటే గౌరవం పోయింది. పెద్ద పదకోశం తయారుచేస్తున్నప్పుడు, "మరీ ఇన్ని నక్షత్రాలుంటే పుస్తకం నమ్మకంగా కనపడదోయ్. దాదాపు ఖాయం అనుకున్నవాటికి తీసెయ్" అన్నారు. ఆమె తీసేసింది. కిమ్మనకుండా తన చేత్తోనే తీసేసింది, ఈ విషయంలో ఆమె ఎవరి మీదా నెట్టేయలేదు. తీసేసినప్పుడల్లా ఒక చిన్న నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని, పుస్తకాన్ని పిండి డబ్బా వెనక దాచింది. ముప్ఫై ఏడు మాటలు. అన్నీ ఆమె ఊహలే, అన్నీ ఈ వంటింట్లో పుట్టినవే.

ఇప్పుడు ఆ కోశం అచ్చుకి వెళుతోంది. తొమ్మిది వందల పేజీలు. లోపలి పేజీలో, ఎంతో ఓర్పుతో తనకి వేళకి టీ అందించిన సహధర్మచారిణికి కృతజ్ఞతలు అని ఒక వాక్యం. అచ్చుకి ముందు చదివిన బయటి పండితుడెవరో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఈ తొట్టి అనే మాట ఏ పలక మీద ఉంది, నెంబరివ్వండి అని.

నిన్న టీ తాగుతూ ఆయన, "దానికి ఏదో ఒక నెంబరు వేసెయ్. మ్యూజియాల్లో లక్ష పలకలున్నాయి, ఎవడు చూడొచ్చాడు?" అన్నారు.

ఆమె రాత్రంతా దొర్లింది. నక్షత్రం తీసెయ్యడం వేరు. అది నోరు మూసుకోవడం, అందులో ఆమె చెయ్యి తిరిగిపోయింది. లేని పలకకి నెంబరు వెయ్యడం అంటే ఆ మాట నేను ఊహించింది కాదని తన మీద తనే సాక్ష్యం చెప్పడం. ఆమె బతుకులో తనది అని చెప్పుకోదగ్గది ఏముంది? కూతురు ఆయన పోలిక. ఇల్లు ఆయన పేరున ఉంది. ఉద్యోగమా, కొన్నాళ్లు ఆయన విభాగం లైబ్రరీలోనే ఒంటిపూట పని. అక్కడ కుర్రాళ్లు పుస్తకం అడిగే ముందు సార్ మూడ్ ఎలా ఉందని అడిగేవాళ్లు. మిగిలింది ఆ తొట్టి ఒక్కటే. లేకపోవచ్చు, తప్పే కావచ్చు. కానీ తనది. ఆరేడు వేల ఏళ్ల వెనక్కి ఒంటరిగా నడిచి వెళ్లి తెచ్చుకుంది.

పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఆమె చేతులు కడుక్కుంది. బల్ల మీద ప్రూఫు ముందుకి లాక్కుని, ఎర్ర సిరాతో ఆ మాట ముందు నక్షత్రం వేసింది. అంతే. ఆధారం అడిగినచోట ఖాళీగా వదిలేసింది. నాలుగు కాకముందే ప్రెస్సు మనిషి వచ్చి కట్ట పట్టుకెళ్లాడు. ఆయన లేచి టీ తాగుతూ, "వేశావా?" అన్నారు. "వేశానండీ" అంది. అబద్ధం కాదుగా.

మూడో రోజు మధ్యాహ్నం ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. పేజీలు కట్టే అమ్మాయి.

"అమ్మా, సార్ ఉన్నారా?"

"పడుకున్నారు. చెప్పమ్మా."

"ఏం లేదమ్మా, రెండొందల పన్నెండో పేజీలో ఎర్ర సిరాతో స్టార్ గుర్తు పెట్టారు. చేత్తో పెట్టింది అదొక్కటే కదా, కింద నోటేదో రాయడం మర్చిపోయారనుకుని చోటు వదిలాను. ఏం వెయ్యమంటారో కనుక్కుని చెబుతారా?"

ఆ అమ్మాయికి తెలీదు. అది నోటు కోసం పెట్టిన గుర్తు కాదని, ఆ మాటకి చెందిన గుర్తని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ పేజీ అడుగున ఎవరో తన కోసం చోటు వదిలారు. పక్క గదిలోంచి ఆయన గురక వినపడుతోంది.

"రాసుకో అమ్మా" అంది. "రొట్టెల పిండి కలుపుతుండగా తోచిన ఊహ. ఏ పలక మీదా దొరకలేదు."

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే."

ఫోను పెట్టేశాక కుర్చీలో కూర్చుంది. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆయన పిండి ముట్టిన పాపాన పోలేదని ఊరందరికీ తెలుసు. మంచినీళ్లు కూడా ముంచుకుని తాగని మనిషి. చదివిన ప్రతివాళ్లకీ ఆ వాక్యం ఎవరిదో తెలిసిపోతుంది. పేరక్కర్లేదు. పిండే చెబుతుంది. ఆయన కోప్పడతారు, ఇల్లు పీకి పందిరేస్తారు, వేస్తే వెయ్యనీ. పుస్తకం వచ్చేదాకా ఆ నెల రోజులూ ఆమె పనులన్నీ తేలిగ్గా చేసుకుంది. కూరగాయల మనిషితో కూడా బేరం ఆడలేదు.

పుస్తకావిష్కరణ కాలేజీ హాల్లో జరిగింది. మాట్లాడటానికి గోడే ముందని వాదించే జట్టు పెద్దాయనే వచ్చారు, పాతికేళ్లుగా ప్రొఫెసరు గారిని వ్యాసాల్లో తూర్పారబట్టిన మనిషి. కళ్లజోడు సర్దుకుని, సరిగ్గా రెండొందల పన్నెండో పేజీ తీశారు. ముందు వరసలో ఆమె కాస్త ముందుకి జరిగి కూర్చుంది. పెద్దాయన నోటు పైకి చదివారు. నిదానంగా, ఒక్కో మాట ఒత్తి. ఇప్పుడు, అనుకుంది ఆమె. ఇప్పుడు ఎవరో ఒకరు ఆ పిండి కలిపిందెవరని అడుగుతారు.

"ఈయనతో పాతికేళ్లు కొట్లాడాను" అన్నారు పెద్దాయన. "ఇవాళ ఓడిపోయాను. తనకి ఇంత పేరు తెచ్చిన మాటని, అది నా ఊహేనని, తన పుస్తకంలో తనే ఒప్పుకున్న పండితుణ్ణి నేను చూళ్లేదు. అదీ ఎక్కడ తోచిందీ? వంటింట్లో! పిండి కలుపుతూ! మనలో ఎంతమందిమి ఇంట్లో ఆ పని చేస్తున్నాం, చెప్పండి?"

హాలంతా ఘొల్లున నవ్వింది, తర్వాత చప్పట్లు. వెనక వరస నుంచి ఒకావిడ ముందుకి వంగి ఆమె భుజం తట్టి, "అదృష్టవంతులండీ మీరు. మా ఇంట్లో గ్లాసు కూడా తియ్యరు" అంది.

ఆమె వేదిక వైపు చూసింది. ఆయన మొహంలో ఒక్క క్షణం, మెట్టుందనుకుని అడుగేస్తే లేనప్పటి తడబాటు కనపడింది. పుస్తకం లాక్కుని పేజీ చూశారు. ఆమె వైపు చూశారు. ఆ చూపులో మొత్తం ఉంది, ఆయనకి అంతా తెలిసింది. ఇక అనండి, అనుకుంది ఆమె. ఆవిడే అని ఒక్క మాట అనండి, మిగతా ముప్ఫై ఏళ్లూ మాఫీ చేసేస్తాను. ఆయన లేచి మైకు దగ్గరికొచ్చారు.

"ఏముందండీ," అన్నారు నవ్వుతూ, "ఆవిడకి కాస్త సాయం చేద్దామని అప్పుడప్పుడూ వంటింట్లోకి వెళుతుంటాను. పరిశోధకుడికి సెలవెక్కడుంటుంది?"

మళ్లీ చప్పట్లు. ఆమె చేతులు కూడా వాటంతటవే కలిశాయి, అలవాటు. పిండి కూడా ఆయనదైపోయిందన్న సంగతి చప్పట్లు కొడుతూ కొడుతూ ఉండగా ఆమెకి అర్థమైంది.

ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఎవర్నడిగి రాశావ్?" అన్నారు. ఆమె టీ పెట్టడానికి వెళ్లింది. టీ తాగాక ఆయనే, "పోనీలే, మంచికే అయింది" అన్నారు. నిజంగానే మంచికే అయింది. ఫోన్లు, ఉత్తరాలు. ఆ నోటు గురించి పత్రికలో ఒకాయన సగం పేజీ రాశాడు. పండితుడి వినయం అని పేరు కూడా పెట్టాడు. రెండో ముద్రణకి ఇలాంటి నోట్లు ఇంకొన్ని కావాలని, పాఠకులు ముచ్చటపడుతున్నారని ప్రచురణకర్త అడిగాడు.

అందుకే ఆ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, నిద్ర మానుకుని, ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆమె పిండి కలుపుతోంది. ఎటు నిలబడాలో, ఎక్కడ చెయ్యి ఆనించాలో ఆయనకి తెలియలేదు. స్విచ్చనుకుని ఇంకేదో నొక్కారు.

"అది కాదోయ్," అన్నారు, ఎన్నో ఏళ్ల తర్వాత మెత్తగా. "ఆ కోశంలో నీకు తోచినవి, నక్షత్రం తీసేసినవి, ఇంకా ఉన్నాయిగా. ఎన్నుంటాయి? ఏవేవో గుర్తున్నాయా? చెబితే ఒక్కోదానికీ ఒక్కో నోటు రాసుకుంటాను."

నీకు తోచినవి అన్నారు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ మాట ఆయన నోట వచ్చింది, నాలుగు గోడల మధ్య, పొయ్యి తప్ప ఎవరూ వినని చోట. ఆమె చెయ్యి ఆగలేదు. పిండి మెత్తబడేదాకా ఆపకూడదు.

"ఇంకేం లేవండీ" అంది. "అదొక్కటే."

"బాగా గుర్తు తెచ్చుకో."

"అదొక్కటే."

ఆయన నమ్మి వెళ్లిపోయారు. ఆమె మాట నమ్మడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాలేదు. పుస్తకమంతా అలాగేగా కట్టారు. పక్క గదిలో మంచం కిర్రుమంది.

ఆమె పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, పిండి డబ్బా వెనక నుంచి నోటుపుస్తకం తీసింది. ముప్ఫై ఏడు మాటలు. ఒక్కోదాన్నీ పెదాలు కదిపి, పైకి వినపడకుండా చదువుకుంది. పిల్లకి జ్వరం వచ్చిన వారం తోచింది ఒకటి, అత్తగారికి ఒళ్లు తుడుస్తుండగా తోచింది ఇంకొకటి. తర్వాత పుస్తకాన్ని అంట్లు నానేసిన తొట్టిలో ముంచి పట్టుకుంది. సిరా నీళ్లలోకి నీలంగా దిగింది, కాయితాలు వేళ్ల మధ్య ముద్దయ్యాయి. గెలిచినట్టు అనిపించలేదు. పగ తీరినట్టూ అనిపించలేదు. అలసట ఒక్కటే ఉంది. ఆ ముద్దలో నీళ్లు పిండేసి చెత్తబుట్టలో వేసి, తడిగుడ్డ తీసి, ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నట్టే రొట్టెలకి కూర్చుంది.

ఆ తొమ్మిది వందల పేజీల్లో ఏ మాట లోకం నిజంగా మాట్లాడిందో, ఏ మాట ఈ వంటింట్లో ఆమె ఒక్కతే అనుకుందో చెప్పగలిగిన మనిషి ఇక ఒక్కరే ఉన్నారు. ఆవిడ చెప్పదు.